క్యాట్‌లో 94.8, క్వాంట్‌లో మాత్రం 76: ఇప్పుడు ఏ కాలేజీలకు ఫారాలు వేయాలి?

ప్రశ్న: ఖమ్మం_మెకానికల్

అందరికీ నమస్కారం. ఐఐఎంలు, ఇతర ఎంబీఏ కాలేజీల ప్రవేశ పరీక్ష క్యాట్ ఫలితాలు వచ్చాయి. నా స్కోరు, మిగతా వివరాలు ఇవి:

మొత్తం పర్సెంటైల్ 94.8. వార్క్ (ఇంగ్లీషు) 98.1, డీఐఎల్‌ఆర్ (డేటా, లాజిక్) 90.4, క్వాంట్ (లెక్కలు) 76.3.
పదో తరగతి 9.5 జీపీఏ (స్టేట్ బోర్డు), ఇంటర్ ఎంపీసీ 956, బీటెక్ మెకానికల్ జేఎన్‌టీయూ హైదరాబాద్ 7.3 సీజీపీఏ.
హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, జూన్‌కి 24 నెలల అనుభవం అవుతుంది. అబ్బాయిని. రాష్ట్రంలో మాది బీసీ-బి, కానీ క్యాట్ ఫారంలో జనరల్ అని పెట్టాను.
క్యాట్ ముందు వేరే ఏ కాలేజీకీ ఫారం వేయలేదు. జనవరిలో జరిగే ఎక్స్‌ఏటీకి (ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ కాలేజీ పెట్టే ఎంబీఏ ప్రవేశ పరీక్ష) మాత్రం రిజిస్టర్ చేసుకున్నాను.

మార్కెటింగ్ వైపు వెళ్ళాలని ఉంది. నాన్న వ్యవసాయం, అమ్మ ఇంట్లోనే ఉంటుంది. లోన్ తప్పదు. ఒక్కో ఫారం రెండు మూడు వేలు ఉంది కాబట్టి అన్నిచోట్లా వేయలేను. ఈ స్కోరుకి ఎక్కడ వేస్తే ఉపయోగం, ఎక్కడ డబ్బు దండగ? అన్నలు, అక్కలు కాస్త చెప్పండి.

---

జవాబు: పర్సెంటైల్_పరిశీలన

ముందుగా 94.8 అంటే ఎంత దూరంలో ఉన్నారో తెలియాలి. పర్సెంటైల్ అంటే నూటికి ఎంతమంది మీకంటే వెనక ఉన్నారన్నది. 2024 క్యాట్‌నే తీసుకుంటే దాదాపు 2.93 లక్షల మంది రాశారు. ఆ లెక్కన 94.8 దగ్గర మీకంటే పైన సుమారు 15 వేల మంది ఉంటారు. అందులో ఎక్కువమంది మీలాగే ఇంజనీర్లు, అబ్బాయిలు. కోచింగ్ సెంటర్లలో ‘జెమ్’ అంటారే, జనరల్ ఇంజనీర్ మేల్, ఆ గుంపులో ఈ స్కోరుతో పాత ఐఐఎంలు అందవు. అహ్మదాబాద్, బెంగళూరు, కలకత్తా, లక్నో, కోజికోడ్, ఇండోర్ వెబ్‌సైట్లలో కనీస అర్హత అని 80, 85, 90 లాంటి అంకెలు కనిపిస్తాయి. అవి తలుపు దగ్గరి గీత మాత్రమే, జనరల్‌లో పిలుపు వచ్చేది అంతకంటే చాలా పైన. మీ పది, ఇంటర్ మార్కులు బాగున్నాయి, అయినా వాటితో అంత దూరం పూడదు.

రెండోది, మీ అసలు స్కోరు 94.8 కాదు, 76.3. చాలా కాలేజీలు ముందు విభాగాల వారీ కటాఫ్ చూస్తాయి, అందులో తప్పితే మొత్తం ఎంతున్నా ఫైలు తెరవరు. విభాగానికి 70 అడిగే చోట మీరు నిలబడతారు, 75 అడిగే చోట అంచు మీద ఉంటారు, 80 అడిగే చోట వార్క్‌లో 98 ఉన్నా లాభం లేదు. అందుకే ఏ కాలేజీ పేరు విన్నా అడ్మిషన్ పాలసీ పీడీఎఫ్ తెరిచి ముందు క్వాంట్ గడి చూడండి. మూడు వేలు కట్టాక చూసుకుంటే ఆ డబ్బు వెనక్కి రాదు.

మూడోది, ఐఐఎంలకు ఇప్పుడు విడిగా దరఖాస్తు చేసేది దాదాపుగా ఏమీ ఉండదు. ఏయే ఐఐఎం, ఏ కోర్సు అన్నది క్యాట్ రిజిస్ట్రేషన్‌లోనే టిక్ చేసి ఉంటారు. షార్ట్‌లిస్ట్ వాళ్ళే వేస్తారు. కొన్ని కొత్త ఐఐఎంలు కలిసి క్యాప్ అనే ఉమ్మడి ఇంటర్వ్యూ జరుపుతాయి. అందులో ఎవరెవరు ఉంటారన్నది ఏటా మారుతుంది, విడిగా పిలిచేవీ ఉంటాయి. వైజాగ్ ఐఐఎం నోటీసు విడిగా చూసుకోండి. జనరల్‌లో 94.8 అంటే ఈ కొత్త ఐఐఎంలకు సరిహద్దు స్కోరు. పిలుపు వస్తే మెయిల్‌లో ఇచ్చిన గడువులోగా పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి, లేకపోతే పిలుపు పోయినట్టే. ఆ మెయిల్ స్పామ్‌లో పడటం మామూలే. జనవరి అంతా స్పామ్ ఫోల్డర్, ఆయా ఐఐఎం సైట్లు రెండూ చూస్తూ ఉండండి.

ఇక బయటి కాలేజీల్లో ఎస్పీజైన్, ఎండీఐ గుర్గావ్, ఎఫ్‌ఎంఎస్ ఢిల్లీ లాంటి వాటి ఫారాలు సాధారణంగా ఫలితాల ముందే మూసేస్తారు. ఇప్పుడు వాటి గురించి ఆలోచించి లాభం లేదు. ఫలితాల తర్వాత కూడా తెరిచి ఉండేవి ఐఐటీల మేనేజ్‌మెంట్ విభాగాలు, ఎన్‌ఐటీలు, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, కొన్ని ప్రైవేటు సంస్థలు. మీ జాబితా అక్కడినుంచే తయారవ్వాలి.

---

జవాబు: సర్టిఫికెట్ల_సంచి

పైన చెప్పిన వాటితో ఏకీభవిస్తాను. కానీ అందరూ దాటేసే విషయం ఒకటి ఉంది. బీసీ-బి అయ్యుండి క్యాట్‌లో జనరల్ అని పెట్టారు. ఐఐఎంల వరకు దాన్ని ఇప్పుడు మార్చడం కుదరదు, రిజిస్ట్రేషన్ తర్వాత కేటగిరీ మార్పు ఒప్పుకోరు. కానీ క్యాట్ పర్సెంటైల్ అందరికీ ఒకటే, కేటగిరీని బట్టి మారదు. సొంత ఫారం పెట్టుకునే ఐఐటీ, ఎన్‌ఐటీ, సెంట్రల్ యూనివర్సిటీ ఆ ఫారంలో మీరు రాసే కేటగిరీ తీసుకుంటాయి. అక్కడ ఓబీసీ నాన్ క్రీమీలేయర్‌కి (సంపన్న శ్రేణిలోకి రాని ఓబీసీలకి) 27 శాతం సీట్లు. క్యాట్‌లో ఇచ్చిన కేటగిరీతో సరిపోవాలనే షరతు ఎక్కడైనా ఉందేమో బ్రోచర్‌లో ఒకసారి చూసుకోండి. అనుమానంగా ఉంటే అడ్మిషన్ ఆఫీసుకి మెయిల్ రాసి, వాళ్ళ జవాబు దాచుకోండి.

దీనికి మూడు పనులున్నాయి.

మొదటిది, రాష్ట్ర బీసీ జాబితా వేరు, కేంద్ర ఓబీసీ జాబితా వేరు. రాష్ట్రంలో బీసీ అయినంత మాత్రాన కేంద్రంలో ఓబీసీ కారు. జాతీయ వెనుకబడిన తరగతుల కమిషన్ సైట్‌లో తెలంగాణ జాబితా తెరిచి, మీ కులం పేరు ఉందో లేదో, స్పెల్లింగ్ ఎలా ఉందో చూడండి.

రెండోది, సర్టిఫికెట్. మామూలు కుల ధ్రువీకరణ పత్రం పనికిరాదు. కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఉన్న ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రమే కావాలి. మీసేవలో దరఖాస్తు చేసేటప్పుడు ఏ ఫారం అని నొక్కి చెప్పండి, తహసీల్దారు ఆఫీసుకి వెళ్ళాక రాష్ట్ర నమూనాలో వచ్చిందని తెలిస్తే మళ్ళీ మొదటికొస్తుంది. తేదీ కూడా ముఖ్యం. ప్రతి సంస్థా ఫలానా తేదీ తర్వాత ఇచ్చిన పత్రమే చెల్లుతుందని రాస్తుంది. చాలాచోట్ల ఆ ఆర్థిక సంవత్సరం మొదలైన ఏప్రిల్ 1 కొలమానం. జనవరిలో ఫారానికి ఒకటి, జూన్‌లో చేరేటప్పుడు కొత్తది ఒకటి కావాల్సి రావచ్చు.

మూడోది, క్రీమీలేయర్ లెక్క. పరిమితి ఏడాదికి 8 లక్షలు. కేంద్ర నిబంధనల్లో ఆ ఆదాయ పరీక్షకి తల్లిదండ్రుల జీతం, వ్యవసాయ ఆదాయం కలపరు. మీ సొంత జీతం కూడా ఇందులోకి రాదు, చూసేది తల్లిదండ్రుల స్థితి. మీ నాన్నగారిది వ్యవసాయం అన్నారు కాబట్టి, నీటి వసతి ఉన్న భూమి మరీ ఎక్కువ విస్తీర్ణంలో ఉంటే తప్ప, మీకు ఇబ్బంది ఉండకూడదు.

బీటెక్ మార్కుల గురించి కూడా చెప్పాలి. 7.3 అంటే 73 శాతం అని రాయకండి. జేఎన్‌టీయూ హైదరాబాద్ సూత్రం సీజీపీఏలో 0.5 తీసి 10తో గుణించడం. మీకు 68 శాతం వస్తుంది. మీ రెగ్యులేషన్‌కి అదేనా అని కన్సాలిడేటెడ్ మెమో వెనక చూసుకోండి. 73 రాసి ఇంటర్వ్యూ రోజు పత్రాల పరిశీలనలో 68 తేలితే, తప్పుడు సమాచారం కింద అడ్మిషన్ రద్దు చేసే హక్కు వాళ్ళకుంటుంది. పదో తరగతికి 9.5తో గుణించే లెక్క సీబీఎస్‌ఈది, మన ఎస్‌ఎస్‌సీ మెమోకి వర్తించదు. ఫారంలో జీపీఏ అని ఎంచుకునే వీలుంటే మెమోలో ఉన్న జీపీఏనే రాయండి.

---

ఖమ్మం_మెకానికల్

చాలా థాంక్స్ అండి. కమిషన్ సైట్‌లో చూశాను, మా కులం కేంద్ర జాబితాలో ఉంది. నాలుగు ఎకరాలే ఉంది, సర్టిఫికెట్‌కి రేపే మీసేవకి వెళ్తాను. అయితే ఓబీసీ కింద ఏ ఐఐటీలకు వేయొచ్చు? మార్కెటింగ్ కోసం మైకా మంచిదంటున్నారు, నిజమేనా? ప్రైవేటు కాలేజీల్లో 20 లక్షల పైన ఫీజు చూస్తే భయంగా ఉంది.

---

జవాబు: పర్సెంటైల్_పరిశీలన

కేంద్ర జాబితాలో ఉంటే లెక్కంతా మారుతుంది. మీ జాబితా ఇలా ఉండొచ్చు.

ఐఐటీల్లో బొంబాయి, ఢిల్లీ రెండూ గట్టివి. అక్కడ ఓబీసీలో కూడా పోటీ ఎక్కువ, పైగా మీ క్వాంట్ అడ్డొస్తుంది. రెండింట్లో ఒకదానికి, అదీ విభాగాల కటాఫ్ సరిపోతేనే వేయండి. మద్రాస్, ఖరగ్‌పూర్, రూర్కీ, కాన్పూర్ మీ స్కోరుకి దగ్గరివి, ఓబీసీలో పిలుపు వచ్చే అవకాశం బాగుంది. ఫారాల గడువు సాధారణంగా జనవరి చివరి వరకు ఉంటుంది, కానీ ఒక్కో ఐఐటీది ఒక్కో తేదీ. చెన్నై దగ్గర కాబట్టి మద్రాస్‌తో మొదలుపెట్టండి. ఎన్‌ఐటీల్లో తిరుచిరాపల్లి మేనేజ్‌మెంట్ విభాగం క్యాట్ తీసుకుంటుంది, దానికి కూడా వేయండి.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఎంబీఏ క్యాట్ స్కోరుతోనే. ఫీజు మిగతా అన్నింటితో పోలిస్తే బాగా తక్కువ, ఊళ్ళోనే ఉంటుంది. జీతాలు ఐఐటీల స్థాయిలో ఉండవు, కానీ అప్పు లేకుండా బయటపడే దారి ఇది. ఎంబీఏ నోటిఫికేషన్ విడిగా వస్తుంది. మిగతా పీజీ కోర్సుల ప్రకటన కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే గడువు దాటిపోతుంది.

మైకా గురించి: అహ్మదాబాద్‌లోని మైకా అడ్వర్టైజింగ్, బ్రాండ్ మేనేజ్‌మెంట్‌కి పేరున్న చోటు. క్యాట్, ఎక్స్‌ఏటీ, జీమ్యాట్‌లలో ఒక స్కోరుతో పాటు మైక్యాట్ అనే సొంత పరీక్ష రాయాలి. అందులో వ్యక్తిత్వాన్ని చూసే సైకోమెట్రిక్ విభాగం, రాతపూర్వక విభాగం ఉంటాయి. వార్క్‌లో 98 వచ్చినవాళ్ళకి ఆ పరీక్ష అనుకూలం. రెండో విడత జనవరిలో ఉంటూ వచ్చింది, తేదీ చూసుకోండి. అయితే ఒక షరతు. మీకు కావాల్సింది ఏజెన్సీ, బ్రాండ్, మీడియా అయితేనే వెళ్ళండి. ఎఫ్‌ఎంసీజీ (సబ్బులు, బిస్కెట్ల లాంటి రోజువారీ సరుకుల) సేల్స్, బీ2బీ (కంపెనీలకు అమ్మే) మార్కెటింగ్, ప్రొడక్ట్ అయితే మామూలు ఎంబీఏ మేలు.

ప్రైవేటులో ఇంకొక్కటి వేయాలంటే ఎక్స్‌ఐఎం భువనేశ్వర్, గోవా ఇన్‌స్టిట్యూట్, ఐఎంటీ ఘజియాబాద్‌లలో గడువు మిగిలి ఉన్నది. అంతే. మొత్తం ఆరు ఏడు ఫారాలు దాటకండి. పన్నెండు ఫారాలు వేస్తే ఇంటర్వ్యూ తేదీలు ఒకదానిమీద ఒకటి పడి, సెలవులు దొరక్క, దేనికీ సరిగ్గా తయారవ్వలేరు.

---

జవాబు: అప్పు_లెక్క

డబ్బు సంగతి నేను చెప్తాను. తమ్ముడూ, కాలేజీ పేరు కంటే ముందు ఈ ఒక్క లెక్క కాగితం మీద వెయ్యి.

20 లక్షల ఫీజు, 10 శాతం వడ్డీ, నాలుగు విడతలుగా ఆరు నెలలకొకసారి 5 లక్షలు అనుకో. చదువు 24 నెలలు, తర్వాత ఆరు నెలల వెసులుబాటు. ఈ 30 నెలలూ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. సాధారణ వడ్డీ అనుకున్నా మూడున్నర లక్షలు చేరుతుంది. 23.5 లక్షల మీద పదేళ్ళ ఈఎంఐ నెలకు సుమారు 31 వేలు. దీనిలో హాస్టల్, లాప్‌టాప్, రెండేళ్ళు వదులుకునే జీతం కలపలేదు.

ఇప్పుడు ఆ కాలేజీ ప్లేస్‌మెంట్ రిపోర్టు తెరువు. సగటు చూడకు, మీడియన్ చూడు. నలుగురైదుగురికి పెద్ద ప్యాకేజీ వస్తే సగటు పైకి పోతుంది, నడిమి విద్యార్థికి వచ్చేదాన్ని మీడియన్ చెప్తుంది. ‘టాప్ 25 శాతం సగటు’ అని వేసినవి పక్కన పెట్టు. సీటీసీలో (కంపెనీ చెప్పే మొత్తం ప్యాకేజీలో) జాయినింగ్ బోనస్, వేరియబుల్, ఉద్యోగంలో నిలబడితే ఇచ్చేవి కలిసుంటాయి, చేతికొచ్చే స్థిర జీతం ఎంతో వెతుకు. మొత్తం బ్యాచ్ ఎంతమంది, ప్లేస్‌మెంట్‌లో పాల్గొన్నది ఎంతమంది, ఈ రెండు అంకెలూ లేని రిపోర్టుని నమ్మకు. ఐపీఆర్‌ఎస్ అనే ప్లేస్‌మెంట్ రిపోర్టు నమూనాలో ఆడిట్ అయిన రిపోర్టు ఉంటే దానికి విలువ ఎక్కువ. ఆ నమూనా ఐఐఎం అహ్మదాబాద్ రూపొందించింది, స్థిర జీతం విడిగా చూపించాలి.

నా మాట: ఈఎంఐ చేతికొచ్చే జీతంలో మూడో వంతు దాటే కాలేజీలో చేరొద్దు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో వస్తున్న జీతం, రెండేళ్ళలో పెరగబోయే జీతం కూడా పక్కన రాసుకో. కొన్ని కాలేజీల మీడియన్ దానికంటే పెద్దగా ఎక్కువ ఉండదు.

లోన్‌కి రెండు దారులు. ఎస్‌బీఐ స్కాలర్ లోన్ తన జాబితాలోని సంస్థలకు ఆస్తి తాకట్టు లేకుండా ఇస్తుంది. ఏ సంస్థ ఏ శ్రేణిలో ఉందో బట్టి పరిమితి మారుతుంది. ఇంకొకటి పీఎం విద్యాలక్ష్మి, 2024 నవంబర్‌లో కేంద్ర కేబినెట్ ఆమోదించింది. ఎంపిక చేసిన సంస్థల్లో మెరిట్ మీద సీటు వస్తే తాకట్టు, హామీదారు లేకుండా రుణం. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండి వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్, వడ్డీ రాయితీ తీసుకోనివాళ్ళకి 10 లక్షల వరకు రుణం మీద చదువు కాలానికి, ఆ తర్వాతి వెసులుబాటు కాలానికి 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. సీటు వచ్చాక కాదు, ఫారం వేసేముందే ఆ కాలేజీ ఈ రెండు జాబితాల్లో ఉందో చూడు. లేకపోతే బ్యాంకు మీ నాలుగు ఎకరాల పట్టా అడగొచ్చు. భూమి తాకట్టు పెట్టి చేరాల్సిన కాలేజీ ఈ స్కోరుకి ఏదీ లేదు.

---

జవాబు: మళ్ళీ_నవంబర్

అందరూ ఎక్కడ చేరాలో చెప్తున్నారు. ఈ ఏడాది చేరకుండా మళ్ళీ రాయడం కూడా గట్టిగా ఆలోచించాలి. ఊరికే ‘ఇంకా ప్రయత్నించు’ అని అనడం లేదు, ఇక్కడ రెండు స్పష్టమైన కారణాలున్నాయి.

మొదటిది కేటగిరీ. 94.8, ఓబీసీ నాన్ క్రీమీలేయర్, పదిలో 9.5 జీపీఏ, ఇంటర్‌లో 95 శాతం. ఇదే వివరాలు క్యాట్ ఫారంలో సరిగ్గా ఉండుంటే చాలా కొత్త ఐఐఎంల నుంచి పిలుపు వచ్చేది. వచ్చే ఏడాది ఒక్క మార్కు పెరగకపోయినా మీ స్థానం మారుతుంది. రిజిస్ట్రేషన్ ఆగస్టు, సెప్టెంబర్‌లో జరుగుతుంది, సర్టిఫికెట్ అప్పుడే అప్‌లోడ్ చేయాలి. కాబట్టి ఏప్రిల్ తర్వాతి తేదీతో పత్రం జూలైకల్లా చేతిలో ఉండాలి.

రెండోది క్వాంట్. 22 ప్రశ్నలు, ఒప్పుకి 3, ఆప్షన్లున్న ప్రశ్న తప్పయితే ఒకటి పోతుంది, టైప్ చేసే వాటికి నెగెటివ్ లేదు. మీరున్న చోటునుంచి నాలుగు ప్రశ్నలు అదనంగా సరైతే 90 చుట్టుపక్కలకు వెళ్ళొచ్చు. ఎంపీసీ చదివిన మనవాళ్ళు క్వాంట్‌లో తగ్గడానికి సాధారణ కారణం లెక్కలు రాకపోవడం కాదు. ఎంసెట్ అలవాటుతో ప్రతి ప్రశ్ననీ వరసగా పట్టుకుని, కష్టమైన వాటి మీద ఐదేసి నిమిషాలు పోగొట్టుకుంటారు. క్యాట్‌లో వదిలేయడమే సగం పని. ముందు శాతాలు, నిష్పత్తులు, కాలం-పని, వేగం-దూరం, తర్వాత సరళ బీజగణితం. 40 నిమిషాల్లో మొదటి చుట్టు 22 ప్రశ్నలూ చదివి, తెలిసినవే చేసి, రెండో చుట్టులో మిగిలినవి. మీ రెస్పాన్స్ షీట్‌లో తప్పు చేసినవెన్ని, వదిలేసినవెన్ని లెక్కపెట్టండి. తప్పులు ఎక్కువుంటే అది తొందర, వదిలేసినవి ఎక్కువుంటే అది సమయం. రెండింటికీ మందు వేరు.

ఈలోపు జనవరి మొదటి ఆదివారం ఎక్స్‌ఏటీ ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. అందులో భాష, డెసిషన్ మేకింగ్ విభాగాలు మీ వార్క్ బలానికి సరిపోతాయి. తప్పుకి 0.25 పోతుంది. వదిలేసినవి ఎనిమిది దాటితే ఆ పైన ప్రతిదానికీ 0.10 పోతుంది, ఇది క్యాట్‌కి పూర్తి భిన్నం. ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐలో బిజినెస్ మేనేజ్‌మెంట్ కంటే హెచ్ఆర్ కోర్సుకి క్వాంట్ కటాఫ్ తక్కువ ఉంటుంది. కానీ మీకు మార్కెటింగ్ కావాలంటున్నారు, కటాఫ్ తక్కువని మాత్రమే హెచ్ఆర్ తీసుకోకండి.

---

జవాబు: సర్టిఫికెట్ల_సంచి

పైన చెప్పినవాళ్ళ మాట సరే, కానీ ఈ ఏడాది ఫారాలు మానేయడం మాత్రం వద్దు. క్యాట్ స్కోరు ఫలితం వచ్చిన మరుసటి ఏడాది డిసెంబర్ 31 వరకే చెల్లుతుంది. ఐఐటీ మద్రాస్, ఖరగ్‌పూర్, హైదరాబాద్ యూనివర్సిటీ, తిరుచిరాపల్లి ఎన్‌ఐటీ, ఈ నాలుగూ వేసి, కుదిరితే మైకా కలపండి. మద్రాస్ గానీ ఖరగ్‌పూర్ గానీ వస్తే చేరిపోండి. వాటిలో ఏదీ రాకపోతే ఉద్యోగం వదలకుండా మళ్ళీ రాయండి. ఉద్యోగం మానేసి కోచింగ్‌లో కూర్చుంటే ఇంటర్వ్యూలో ఆ ఖాళీ గురించి అడుగుతారు, అనుభవం నెలలు కూడా ఆగిపోతాయి.

సీటు ఖాయం చేసుకోవడానికి డబ్బు కట్టేముందు రిఫండ్ గడువు చదవండి. ప్రైవేటు సంస్థలు ఫిబ్రవరి, మార్చిలోనే మొదటి విడత అడుగుతాయి, ఐఐటీల ఫలితాలు ఆ తర్వాత వస్తాయి. ‘ఫలానా తేదీ లోపు వెనక్కి తీసుకుంటే ఇంత మినహాయించి ఇస్తాం’ అన్న వాక్యం ఆఫర్ లెటర్‌లో ఎక్కడుందో వెతికి, ఆ తేదీని ఐఐటీ ఫలితాల తేదీ పక్కన రాసుకోండి. ఐఐటీ ఫలితాలు ఆ రిఫండ్ గడువు కంటే ముందుగా వస్తేనే కట్టండి.